గ్యాస్ అమ్మే కంపెనీయే గ్యాస్ తక్కువ వాడమంటోంది, దీని వెనక ఏ చట్టం ఉంది?

కొత్త_ఇంటివాడు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో మొన్న ఆగస్టులో ఇల్లు కొనుక్కున్నాం. 1962లో కట్టిన ఇల్లు. సొంతింట్లో మాకిది మొదటి చలికాలం. అపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్లూ హీటింగ్ అద్దెలోనే కలిసిపోయేది, అందుకని థెర్మ్ (గ్యాస్ వాడకాన్ని కొలిచే యూనిట్) అంటే ఏమిటో పట్టించుకునే అవసరం రాలేదు. జనవరి బిల్లులో 212 థెర్మ్‌లు పడ్డాయి. అది చూసిన రాత్రి నిద్ర పట్టలేదు. ఊరి నుంచి వచ్చిన అమ్మకి చలి ఆగదు, థర్మోస్టాట్ 72 డిగ్రీల ఫారెన్‌హీట్ కింద పెట్టలేం.

అదే కవరులో ఇంకో కాగితం వచ్చింది. ఇంటిని ఉచితంగా తనిఖీ చేయించుకోండి, గ్యాస్ వాడకం తగ్గించుకోండి, అటక మీద ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా వేసే పొర) వేయిస్తే కొంత డబ్బు మేమిస్తాం అని. ఏ కిరాణా కొట్టాయన అయినా బియ్యం తక్కువ కొనమంటాడా? ఇందులో ఏదైనా మోసం ఉందేమోనని టెన్షన్‌గా ఉంది. బిల్లు రెండో పేజీలో నాకు అర్థం కాని చార్జీలు కూడా నాలుగైదు ఉన్నాయి. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

బోస్టన్_అక్క | సోమవారం, రాత్రి 10:05

మోసం కాదు తమ్ముడూ, నిజమే. కాకపోతే ఒక జాగ్రత్త. తలుపు కొట్టి "గ్యాస్ కంపెనీ నుంచి వచ్చాం, మీ బిల్లు చూపించండి" అనేవాళ్లకి మాత్రం చూపించొద్దు. వాళ్లలో చాలామంది గ్యాస్ అమ్మే వేరే సప్లయర్ల ఏజెంట్లు. బిల్లు మీద అచ్చయిన నంబరుకి మీరే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. కంపెనీ ఎందుకిలా చేస్తుందో మాస్టారు చెప్తారు, ఆయన ఉద్యోగమంతా అదే.

రేట్ల_మాస్టారు | సోమవారం, రాత్రి 11:20

కిరాణా కొట్టు పోలిక ఇక్కడ కుదరదు బాబూ. నేను ఒక గ్యాస్ పంపిణీ కంపెనీలో రేట్ల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. లోపల లెక్క ఎలా నడుస్తుందో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మీ బిల్లులో రెండు పెద్ద ముక్కలు ఉంటాయి. ఒకటి సప్లై, అంటే గ్యాస్ ధర. రెండోది డెలివరీ, అంటే ఆ గ్యాస్‌ని మీ ఇంటి మీటరు దాకా చేర్చిన ఖర్చు. సప్లై మీద పంపిణీ కంపెనీకి మామూలుగా లాభం ఉండదు, కొన్న ధరకే మనకి ఇవ్వాలి. చలికాలంలో గ్యాస్ ధర పెరిగితే కంపెనీ వాడు బాగుపడ్డాడని అందరూ అనుకుంటారు గానీ అది నిజం కాదు. లాభం డెలివరీలో ఉంటుంది. భూమిలో పాతిన పైపుల మీద పెట్టిన పెట్టుబడికి ఎంత రాబడి తీసుకోవచ్చో రాష్ట్ర కమిషన్ తేలుస్తుంది. మీ దగ్గర ఆ కమిషన్ పేరు బోర్డ్ ఆఫ్ పబ్లిక్ యుటిలిటీస్.

చిక్కు ఎక్కడుందంటే, పైపు ఖర్చు మీరు గ్యాస్ వాడినా వాడకపోయినా ఒకటే. కానీ పాత పద్ధతిలో ఆ ఖర్చులో ఎక్కువ భాగాన్ని థెర్మ్‌కి ఇంత అని వసూలు చేసేవాళ్లు. ఉదాహరణకి గుండ్రటి అంకెలు వేసుకుందాం. కంపెనీకి ఏడాదికి 10 కోట్ల డాలర్లు రావాలని కమిషన్ అంది. 20 కోట్ల థెర్మ్‌లు అమ్ముడవుతాయని అంచనా వేసింది. అంటే థెర్మ్‌కి 50 సెంట్లు. జనం ఇన్సులేషన్ వేయించుకుని వాడకం 2 శాతం తగ్గించారనుకోండి, 19.6 కోట్ల థెర్మ్‌లే అమ్ముడవుతాయి, వచ్చేది 9.8 కోట్లు. ఆ 20 లక్షల డాలర్లు నేరుగా లాభంలోంచి పోతాయి, ఎందుకంటే పైపు ఖర్చేమీ తగ్గలేదు కదా. ఇలా ఉంటే ఏ కంపెనీ మనస్ఫూర్తిగా ఆదా చేయమంటుంది? పైకి కరపత్రం పంచుతుంది, లోపల ఎవరూ రాకూడదనుకుంటుంది. నా సర్వీసు మొదట్లో సరిగ్గా అదే పరిస్థితి. ఆదా విభాగంలో ఇద్దరే ఉండేవాళ్లు, కొత్త కనెక్షన్లు అమ్మే విభాగంలో ఒక అంతస్తు నిండా మనుషులు.

దీనికి మందు డీకప్లింగ్. అమ్మకానికీ ఆదాయానికీ మధ్య ఉన్న ముడి విప్పేయడం. రావాల్సిన 10 కోట్లలో తక్కువ పడితే తర్వాతి ఏడాది రేటు కొంచెం పెంచి భర్తీ చేస్తారు, ఎక్కువ వస్తే జనానికి తిరిగిస్తారు. కాలిఫోర్నియా గ్యాస్ కంపెనీలకి ఇది 1978లోనే పెట్టింది, కరెంటుకి ఆ తర్వాత 1982లో. మీ న్యూజెర్సీలో 2006 అక్టోబరులో రెండు గ్యాస్ కంపెనీలతో మొదలైంది, దాని పేరు కన్జర్వేషన్ ఇన్సెంటివ్ ప్రోగ్రామ్. మీ బిల్లు రెండో పేజీలో ఆ మూడక్షరాల చార్జీ ఉందేమో చూడండి.

కొత్త_ఇంటివాడు | మంగళవారం, ఉదయం 7:15

చూశాను మాస్టారూ, ఉంది. సి.ఐ.పి. అని చిన్న అక్షరాల్లో. కానీ ఒక అనుమానం. నేను కష్టపడి తగ్గిస్తే రేటు పెరుగుతుందన్నమాటేగా? మరి ఆదా చేసి ఏం లాభం?

రేట్ల_మాస్టారు | మంగళవారం, ఉదయం 8:30

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. పై ఉదాహరణలో 50 సెంట్లు కాస్తా 51 అవుతుంది, అంతే. ఆ ఒక్క సెంటు ఊరందరి మీదా పడుతుంది. మీరు మీ ఇంట్లో వాడకం 20 శాతం తగ్గిస్తే ఆ 20 శాతం మీద డెలివరీ, సప్లై రెండూ మిగులుతాయి. కాబట్టి ఆదా చేసిన ఇంటికి లాభమే. ఏమీ చేయని ఇంటికి కొంచెం బరువు. ఈ బరువు ఎవరి మీద పడుతుందన్నదే అసలు తగువు, దాని గురించి తర్వాత మాట్లాడదాం.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. న్యూజెర్సీ పద్ధతిలో వాతావరణం తేడా కూడా సర్దుబాటులోకి వస్తుంది. చలి తక్కువగా ఉండి జనం తక్కువ వాడినా తర్వాత భర్తీ చేసుకుంటారు. అంటే వాతావరణం రిస్కు కంపెనీ నెత్తి మీంచి మన నెత్తి మీదకి వచ్చింది. వినియోగదారుల తరఫు లాయర్లు ఇలాంటి పద్ధతుల మీద వాదించే ప్రధానాంశం ఇదే, వాళ్ల వాదనలో బలం ఉంది. నేను కంపెనీ పక్షాన కూర్చున్న రోజుల్లోనూ అది సబబైన ప్రశ్న అనే అనుకునేవాణ్ణి.

ఫ్రిస్కో_నుంచి | మంగళవారం, మధ్యాహ్నం 12:40

నాకు ఈ పద్ధతే నచ్చదు మాస్టారూ. పక్కింటాయన కొత్త ఫర్నేస్ (ఇల్లు వేడిచేసే యంత్రం) కొనుక్కుంటే కంపెనీ ఆయనకిచ్చే రిబేటు నా బిల్లులోంచి పోవడమేంటి? మా టెక్సస్‌లో గ్యాస్ కంపెనీలకి ఇంత ఆదా చేయించాలని చట్టంలో లక్ష్యం లేదు. కరెంటుకి మాత్రం 1999లోనే సెనేట్ బిల్ 7లో పెట్టారు, దేశంలో అలా పెట్టిన మొదటి రాష్ట్రం మాదే. గ్యాస్ సంగతి రైల్‌రోడ్ కమిషన్ అనే రాష్ట్ర సంస్థ చూస్తుంది. 2021లో హౌస్ బిల్ 17 వచ్చింది, ఏ ఊరి కౌన్సిలూ కొత్త ఇళ్లకి గ్యాస్ కనెక్షన్ వద్దనడానికి వీల్లేదని. బిల్లులో వింత చార్జీలు తక్కువ. ఎవరికి కావాలో వాళ్లు సొంత డబ్బుతో చేయించుకుంటారు.

మినియాపొలిస్_మంచు | మంగళవారం, మధ్యాహ్నం 1:25

అన్నా, మీకు చలికాలం ఆరు వారాలు. ఇక్కడ ఆరు నెలలు. మైనస్ 25లో ఫర్నేస్ ఆగిపోతే గంటల్లో పైపులు గడ్డకట్టి పగులుతాయి. అందుకే ఇక్కడ ఆదా అన్నది ఇష్టాయిష్టాల మీద వదలలేదు. 2007లో నెక్స్ట్ జనరేషన్ ఎనర్జీ యాక్ట్ వచ్చింది. ఖర్చు లక్ష్యం కాదు, ఆదా లక్ష్యం పెట్టింది. తేడా గమనించండి. అంతకుముందు, ఆదాయంలో ఇంత శాతం ఆదా పథకాల మీద ఖర్చు పెట్టండి అనేవాళ్లు. ఖర్చు పెట్టడం ఎవరికైనా తేలికే. "అమ్మకాల్లో ఇంత శాతం గ్యాస్ నిజంగా తగ్గినట్టు కొలిచి చూపించండి" అన్నాక ఆట మారిపోయింది. గ్యాస్ కంపెనీలకి ఇప్పుడు 2021 చట్టం ప్రకారం ఏడాదికి 1 శాతం.

వినడానికి 1 శాతం చిన్నదే. ఏటా 1 శాతం, దాని మీద ఇంకో 1 శాతం, పదేళ్లు వేసుకోండి.

ఫ్రిస్కో_నుంచి | మంగళవారం, మధ్యాహ్నం 1:50

లెక్క ఒప్పుకుంటాను. కానీ 2021 ఫిబ్రవరి తుపానులో నాలుగు రోజులు ఇంట్లో కరెంటు లేదు. పిల్లల్ని కారులో కూర్చోబెట్టి హీటర్ వేశాం. గోడల్లో ఇన్సులేషన్ సరిగా ఉండుంటే ఇల్లు ఇంకొన్ని గంటలు వేడిగా ఉండేదని తర్వాత తెలిసింది. అందుకని ఇన్సులేషన్ వద్దని నేను అనట్లేదు. అందరి బిల్లులోంచి తీయడం న్యాయమా అన్నదే నా ప్రశ్న.

ఆల్ఫారెట్టా_77 | మంగళవారం, మధ్యాహ్నం 2:10

జార్జియాలో ఇంకో దారి పట్టారు. ఇక్కడ 1998 నుంచి పైపు కంపెనీ వేరు, గ్యాస్ అమ్మే మార్కెటర్లు వేరు. పైపు చార్జీ ఫిక్స్‌డ్. జూలైలో ఒక్క థెర్మ్ కాల్చకపోయినా పడుతుంది. కంపెనీకి ఆదాయం ఖాయం, కాబట్టి మనం తగ్గించినా దానికి బాధ లేదు. కానీ మనకీ తగ్గించాలన్న ఆత్రం ఉండదు, బిల్లులో సగం ఎలాగూ తగ్గదు కాబట్టి. ముడి విప్పడానికి ఇది సులభమైన దారే గానీ మంచి దారి కాదని నా అభిప్రాయం.

అద్దె_ఇల్లు | మంగళవారం, రాత్రి 8:55

మీరంతా సొంతిళ్లవాళ్లు కాబట్టి రిబేట్ల గురించి మాట్లాడుతున్నారు. నేను అద్దెకుంటున్నాను, న్యూజెర్సీలోనే, రెండు కుటుంబాల ఇంట్లో పై పోర్షన్. గ్యాస్ బిల్లు మాదే. ఇల్లు ఓనరుది. కిటికీలు పాతవి, రాత్రిపూట పాప మంచం పక్కన చెయ్యి పెడితే గాలి తగులుతుంది. టేపు వేశాం, దుప్పటి కట్టాం. మా వారి ఉద్యోగం అక్టోబరులో పోయింది. ఈ పథకాల కోసం బిల్లులో వేసే ఆదా చార్జీ నేనూ కడుతున్నాను, ప్రతి నెలా. కానీ అటక మీద ఇన్సులేషన్ వేయించే హక్కు నాకు లేదు. ఓనరుకి ఫోన్ చేస్తే "గ్యాస్ బిల్లు మీది కదమ్మా" అంటారు. తనిఖీకని ఒక కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే సొంతిల్లా అని అడిగి, కాదనగానే పెట్టేశారు.

పైన అన్నయ్య అడిగిన ప్రశ్నే నాదీ. ఎవరి డబ్బుతో ఎవరికి మేలు?

బోస్టన్_అక్క | మంగళవారం, రాత్రి 11:30

చెల్లీ, మీ పోస్టు చదివి ఇది రాయకుండా పడుకోలేకపోయాను. ముందు పని విషయం. న్యూజెర్సీలో కంఫర్ట్ పార్ట్‌నర్స్ అని పథకం ఉంది. ఆదాయం పరిమితి లోపు ఉన్నవాళ్లకి గాలి సందులు మూయడం, ఇన్సులేషన్ వంటి పనులు ఉచితంగా చేస్తారు, అద్దెకున్నవాళ్లూ అడగొచ్చు. ఓనరు సంతకం మాత్రం కావాలి. అలాగే ఇళ్లని చలికి తట్టుకునేలా బాగుచేసే, 1976 నుంచి నడుస్తున్న ఫెడరల్ వెదరైజేషన్ పథకం, బిల్లు కట్టడానికి సాయం చేసే లైహీప్, రెండూ ఉన్నాయి. లైహీప్‌కి చలికాలం అయిపోయేలోపే దరఖాస్తు పెట్టండి. మీ కౌంటీ ఆఫీసులో అడిగితే ఏ సంస్థకి వెళ్లాలో చెప్తారు.

ఇక న్యాయం సంగతి. మా మసాచుసెట్స్‌లో జరిగింది చెప్తాను, ఎందుకంటే చట్టం మారిన ప్రతిసారీ పథకం రూపం ఎలా మారుతుందో ఇక్కడ కళ్లకి కట్టినట్టు కనపడుతుంది.

2008 జూలైలో అప్పటి గవర్నర్ డెవాల్ పాట్రిక్ గ్రీన్ కమ్యూనిటీస్ యాక్ట్ మీద సంతకం పెట్టారు. అందులో ముఖ్యమైన మాట ఒకటుంది. కొత్తగా ఇంధనం కొనడం కన్నా చౌకగా ఎంత ఆదా దొరుకుతుందో అంతా ముందు సంపాదించాలి అని. "కుదిరితే చేయండి" అనలేదు. గ్యాస్, కరెంటు కంపెనీలు కలిసి మూడేళ్లకో ప్రణాళిక రాయాలి, సలహా మండలి చూడాలి, కమిషన్ ఆమోదించాలి. అదే నెలలో కమిషన్ డీకప్లింగ్‌కి కూడా ఆదేశం ఇచ్చింది. లక్ష్యం అందుకుంటే కంపెనీకి బహుమతిగా కొంత సొమ్ము. ఇలా మూడూ ఒకేసారి కుదిరాయి కాబట్టే మాస్ సేవ్ అనే మా రాష్ట్ర ఆదా పథకం అంత పెద్దదైంది. మేం 2016లో చేయించుకున్నాం. గాలి సందులు మూయడం ఉచితం, ఇన్సులేషన్ ఖర్చులో 75 శాతం వాళ్లే పెట్టుకున్నారు.

2021లో వాతావరణ చట్టం వచ్చింది. అప్పటిదాకా ఎన్ని థెర్మ్‌లు మిగిలాయన్నది లెక్క. ఇక నుంచి ఎన్ని టన్నుల కాలుష్యం తగ్గిందో చెప్పాలన్నారు. ఆ ఒక్క మార్పుతో పథకం కరెంటుతో ఇల్లు వేడిచేసే హీట్ పంపుల వైపు తిరిగింది. ఎందుకంటే మంచి గ్యాస్ ఫర్నేస్ కూడా ఇరవై ఏళ్లపాటు గ్యాస్ కాల్చేదే. 2023 డిసెంబరులో కమిషన్ ఇంకో అడుగు వేసింది. కొత్త పైపు వేసే ముందు పైపు లేకుండా పని జరిగే దారి ఉందేమో చూశామని కంపెనీ చూపించాలంది. గ్యాస్ కంపెనీ చేతే గ్యాస్ నుంచి బయటపడే దారి వెతికించడం అన్నమాట.

అప్పుడు వచ్చింది 2024-25 చలికాలం. బిల్లులు భగ్గుమన్నాయి. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. ఆదా చార్జీ ఇంతెందుకని జనం నిలదీశారు. 2025 ఫిబ్రవరి చివర్లో కమిషన్ తర్వాతి మూడేళ్ల ప్రణాళికకి ఒప్పుకుంటూనే, అడిగిన 5 బిలియన్ డాలర్లలో 500 మిలియన్లు కోసేసింది. నాకు బాధేసింది, కానీ జనం కోపం నాకు అర్థమైంది. చార్జీ అందరూ కడుతున్నారు, ఫోన్ చేసి తనిఖీ చేయించుకునేది మాత్రం మనలాంటి సొంతిళ్లవాళ్లు, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు, పగలు ఇంట్లో ఉండగలిగినవాళ్లు. ఈ చెల్లెలి ఇంటికి పథకం చేరనంతకాలం ఆ కోపానికి జవాబు ఉండదు. ఓనరు ఒప్పుకోకపోతే పని ఆగిపోయే నిబంధనని మార్చాలి. నన్నడిగితే డబ్బు కోత పెట్టాల్సింది అక్కడ కాదు.

రేట్ల_మాస్టారు | బుధవారం, ఉదయం 9:10

అక్క చెప్పింది అక్షరాలా నిజం. నేను రెండు విషయాలు కలుపుతాను.

ఇదంతా ఈమధ్య పుట్టింది కాదు. 1976-77 చలికాలంలో అమెరికాలో గ్యాస్ చాలక బడులు, ఫ్యాక్టరీలు మూసేశారు. 1977 ఫిబ్రవరి 2న ప్రెసిడెంట్ కార్టర్ స్వెటర్ వేసుకుని టీవీలో కూర్చుని, థర్మోస్టాట్ పగలు 65, రాత్రి 55 పెట్టుకోండని దేశాన్ని అడిగారు. ఆ కొరతకి పెద్ద కారణం భూమిలో గ్యాస్ లేకపోవడం కాదు. రాష్ట్రాల మధ్య అమ్మే గ్యాస్‌కి ఫెడరల్ ప్రభుత్వం ఏళ్ల తరబడి ధర తొక్కిపెట్టింది, దాంతో బావులు తవ్వేవాళ్లు వెనక్కి తగ్గారు. 1978లో ధరల చట్టం మారింది, అదే ఏడాది పెద్ద యుటిలిటీలు ఇళ్లకి తనిఖీ సౌకర్యం కల్పించాలని ఇంకో చట్టం వచ్చింది. మీ కవరులో వచ్చిన కాగితానికి ముత్తాత అదే.

ధర సంగతి ఎందుకు ఎత్తానంటే, ఆదా పథకం బతకాలంటే కమిషన్ ముందు ఖర్చు పరీక్ష నెగ్గాలి. మిగిలిన గ్యాస్ విలువ పెట్టిన ఖర్చు కన్నా ఎక్కువ ఉండాలి. 2008 వేసవిలో హెన్రీ హబ్ ధర, అంటే అమెరికా టోకు మార్కెట్లో ప్రామాణికంగా చూసే గ్యాస్ ధర, పది థెర్మ్‌లకి 12 డాలర్ల పైన. రాతి పొరల్లోంచి తీసే షేల్ గ్యాస్ పొంగిపొర్లాక 2012 ఏప్రిల్‌లో 2 డాలర్ల లోపు. అదే అటక, అదే ఇన్సులేషన్, ఆదా అయ్యే థెర్మ్‌లూ అవే. కానీ కాగితం మీద పథకం ఫెయిలైంది. నేను స్వయంగా అలాంటి ఫైలు మూసేశాను. అయిదేళ్ల ధర చూసి అరవై ఏళ్లు నిలిచే గోడ గురించి నిర్ణయం తీసుకున్నామని ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది.

రెండోది ఫ్రిస్కో బాబు కోసం. ఇది ఒక పార్టీ వ్యవహారం కాదు. యుటాలో క్వెస్టార్ గ్యాస్ 2006లోనే డీకప్లింగ్ తెచ్చుకుంది, మరుసటి ఏడాది థెర్మ్‌వైజ్ పేరుతో రిబేట్లు మొదలుపెట్టింది. 2009లో ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాల ఇంధన శాఖలకి 3.1 బిలియన్ డాలర్లు ఇస్తూ, యుటిలిటీల లాభం ఆదాతో పొసిగేలా చూసేందుకు ప్రయత్నిస్తామని గవర్నర్లు హామీ ఇవ్వాలని షరతు పెట్టింది.

కోనసీమ_కొబ్బరి | బుధవారం, ఉదయం 10:45

అమెరికా చర్చలో కోనసీమలో ఉండేవాణ్ణి దూరుతున్నానండి, ఏమీ అనుకోకండి. మాస్టారు చెప్పింది చదువుతుంటే మన దగ్గర ఎంత తేడాగా ఉందో అనిపించింది. ఇక్కడ ఒక జిల్లాకి పైపు గ్యాస్ ఇచ్చే హక్కు కోసం కంపెనీలు పి.ఎన్.జి.ఆర్.బి. (పెట్రోలియం, గ్యాస్ మీద కేంద్ర నియంత్రణ బోర్డు) దగ్గర బిడ్ వేస్తాయి. ఎన్ని ఇళ్లకి కనెక్షన్లు, ఎంత పొడవు పైపు, ఎన్ని సి.ఎన్.జి. బంకులు అన్నదే హామీ. అందుకోకపోతే జరిమానా. అంటే మన కంపెనీకి ప్రభుత్వం పెట్టే లక్ష్యం కనెక్షన్లు పెంచడం, వాళ్ల కంపెనీకి పెట్టేది వాడకం తగ్గించడం. మన స్థితికి అది సబబే లెండి. మాకు వంటకే గ్యాస్, ఇల్లు వేడి చేసుకోనక్కర్లేదు.

కానీ కరెంటు డిస్కంలకి డిమాండ్ తగ్గించే నిబంధనలు ఉన్నాయి, వాటి ద్వారానే ఎల్ఈడీ బల్బులు ఇంటింటికీ వచ్చాయి. గ్యాస్‌లో ఫ్యాక్టరీల దాకా చూస్తే ఇంధన పొదుపు చట్టం 2001లోనే ఉంది, 2012 నుంచి పాట్ పథకం కింద ఎరువుల ఫ్యాక్టరీలకి సైతం ఇంధనం ఆదా చేసే లక్ష్యాలిచ్చారు. హోటళ్లు, చిన్న బేకరీలు మాత్రం ఎవరి లెక్కలోనూ లేవు. రోజంతా మండే హోటల్ పొయ్యికి మంచి బర్నర్ పెట్టుకుంటే రాయితీ ఇస్తామని గ్యాస్ కంపెనీ చేత చెప్పిస్తే ఎంత బాగుంటుందో.

ఇంకొకటి. ఆదా అంటే ఇంట్లో తగ్గించడమేనా అండి? లీకుల మాటేమిటి? 2014 జూన్ 27 తెల్లవారుజామున మా కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పేలింది. ఇరవై మందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లు నిలబడి నల్లగా మాడిపోయాయి. మా మేనత్తగారి ఊరు అక్కడికి దగ్గరే. గ్యాస్ వాసన వస్తే ఇప్పటికీ ఆవిడ అగ్గిపుల్ల గీయరు, ముందు తలుపులన్నీ తీస్తారు.

రేట్ల_మాస్టారు | బుధవారం, మధ్యాహ్నం 12:20

మీరు సరైన చోటే వేలు పెట్టారు. 2018 సెప్టెంబరు 13న మసాచుసెట్స్‌లో మెరిమాక్ లోయలో పైపుల్లో ఒత్తిడి పెరిగి ఇళ్లకిళ్లు అంటుకున్నాయి. అక్కడి పాత పోత ఇనుము పైపుల లీకులు ముందునుంచీ తెలిసినవే. వాటిని త్వరగా మార్చమని 2014లోనే చట్టం చేశారు. మార్చాలి, అందులో సందేహం లేదు.

కానీ లోపలి లెక్క చూడండి. పైపు మారిస్తే ఆ పెట్టుబడి మీద కంపెనీకి దశాబ్దాల తరబడి రాబడి. ఇన్సులేషన్ వేయిస్తే ఖర్చు మాత్రం తిరిగొస్తుంది, లక్ష్యం అందుకుంటే చిన్న బహుమతి. రెండూ ఆదానే. ఒకదాంట్లో లాభం మెండు, ఇంకోదాంట్లో కొంచెమే. కంపెనీ బోర్డు గదిలో ఏ పక్కకి మొగ్గు ఉంటుందో నేను చూశాను. నన్నడిగితే డీకప్లింగ్‌తో పని సగమే అయింది.

లెస్టర్_లో | బుధవారం, సాయంత్రం 4:00

బ్రిటన్ నుంచి ఒక హెచ్చరిక. ఇక్కడ లక్ష్యం పైపు కంపెనీకి కాదు, గ్యాస్ కరెంటు అమ్మే సప్లయర్లకి. 2013 నుంచి దాని పేరు ఎకో, అంటే ఎనర్జీ కంపెనీ ఆబ్లిగేషన్. ఖర్చు అందరి బిల్లులోంచే. పని చేసింది సబ్‌కాంట్రాక్టర్లు. 2025 అక్టోబరులో నేషనల్ ఆడిట్ ఆఫీస్ రిపోర్టు చూస్తే, ఈ పథకాల కింద బయటి గోడలకి వేసిన ఇన్సులేషన్‌లో 98 శాతం ఇళ్లలో సరిదిద్దాల్సిన లోపాలున్నాయి. చెమ్మ, బూజు. మా పక్క వీధిలో ఒక ముసలావిడ ఇంట్లో గోడకి నల్లగా బూజు పట్టడం నేను చూశాను. ఎన్ని ఇళ్లు చేశారన్న లెక్క కాగితం మీద పెరిగింది. పని చూసినవాళ్లు లేరు. మీ దగ్గర పని అయ్యాక వేరే ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తారో లేదో తప్పకుండా అడగండి.

కొత్త_ఇంటివాడు | శనివారం, రాత్రి 9:30

ఇవాళ తనిఖీ అయింది, వివరంగా రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

ముందు తలుపుకి ఎర్ర గుడ్డ చట్రం బిగించి మధ్యలో పెద్ద ఫ్యాన్ పెట్టారు. బ్లోయర్ డోర్ అంటారట. ఫ్యాన్ ఇంట్లో గాలిని బయటికి లాగుతుంటే, ఎక్కడెక్కడ సందులున్నాయో అక్కడినుంచి చల్లగాలి లోపలికి దూసుకొచ్చింది. పొగ వదిలే చిన్న గొట్టం పట్టుకుని ఒక్కొక్క చోటా చూపించారు. కిటికీల దగ్గర అనుకున్నంత లేదు. అటక మూత దగ్గర పొగ నిలువునా పైకి పోయింది. బేస్‌మెంట్‌లో పునాది గోడ మీద చెక్క దూలం ఆనే చోట చుట్టూ వేలు పట్టేంత సందు ఉంది. అమ్మ చెయ్యి పెట్టి చూసి, "ఇంత గాలి వస్తుంటే నాకు చలి వెయ్యక ఏమవుతుందిరా" అంది. అటకలో ఇన్సులేషన్ నాలుగంగుళాలే ఉంది, అదీ అక్కడక్కడా అణిగిపోయి.

ఫర్నేస్ 80 శాతం రకం, అంటే కాల్చిన గ్యాస్‌లో ఐదో వంతు వేడి చిమ్నీలోంచి పోతోంది. ఇప్పటికీ ఫెడరల్ కనీస ప్రమాణం అదేనట. 95కి పెంచే నిబంధన 2023లో జారీ అయింది, అమలు గడువు 2028 చివర. ఫర్నేస్ ఇంకా పనిచేస్తోంది కాబట్టి ముందు సందులు, అటక చూసుకోమన్నారు. మంచి సలహా అనిపించింది. పొయ్యి దగ్గర, వాటర్ హీటర్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ కూడా కొలిచారు.

ఇన్సులేషన్‌కి ఇచ్చే 30 శాతం ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ 2025 డిసెంబరు 31తో అయిపోయింది, అందుకు కొంచెం దిగులేసింది. రిబేటు మాత్రం ఉంది, మిగతాది వడ్డీ లేకుండా నెలనెలా బిల్లులో కట్టొచ్చు. న్యూజెర్సీ 2018 చట్టంలో గ్యాస్ కంపెనీలు ఏటా 0.75 శాతం వాడకం తగ్గించాలని ఉందని ఆయనే చెప్పారు. నా అటక ఆ లెక్కలో ఒక ముక్క అన్నమాట. లెస్టర్ గారి మాట గుర్తుపెట్టుకుని అడిగాను. పని అయ్యాక మళ్లీ ఫ్యాన్ పెట్టి కొలుస్తారట, ఆ రెండు అంకెలూ నా చేతికి కాగితం మీద ఇస్తారట.

ఫ్రిస్కో_నుంచి | శనివారం, రాత్రి 10:15

ఆ రెండు అంకెలూ ఇక్కడ పెట్టండి. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు గానీ, మాకు కూడా బ్లోయర్ డోర్ చేసేవాళ్లు ఉన్నారా అని ఇవాళ వెతికాను. ఉన్నారు. సొంత డబ్బుతో చేయిస్తున్నాను.

అద్దె_ఇల్లు | ఆదివారం, మధ్యాహ్నం 1:05

బోస్టన్ అక్కా, మీరు చెప్పిన పథకానికి శుక్రవారం ఫోన్ చేశాను. గంటసేపు లైనులో ఉన్నాక ఒకావిడ మాట్లాడింది, ఓపిగ్గా అన్నీ రాసుకుంది. మా వారి ఉద్యోగం పోయిన కాగితం, నాలుగు నెలల బిల్లులు పంపమంది. ఓనరు సంతకం ఫారం ఈమెయిల్ చేసింది. పొద్దున మా వారు దాన్ని ప్రింట్ తీసుకుని నేరుగా ఓనరు ఇంటికి వెళ్లారు. మీకు ఖర్చేమీ లేదు, ఇల్లు మీదే బాగుపడుతుంది, కింది పోర్షన్‌కి కూడా చేస్తారు అని చెప్తే చదివి సంతకం పెట్టారు. కింది పోర్షన్ వాళ్లు కూడా ఫారం అడిగారు.

మార్చి 9న వస్తామన్నారు. అందాకా కిటికీ పక్కనుంచి పాప మంచం లోపలి గోడ వైపు జరిపేశాం.